స్థానిక ఫీజు ఎవరికి? ఒక వాదాన్ని విడదీసి చదివే పద్ధతి

ఏ వివాదంలోనైనా ఒక పక్షం వహించే ముందు, అందులో ఇరువైపులవారూ వాడుతున్న మాటలకు ఒకే అర్థం ఉందో లేదో తేల్చుకోవడం ఆలోచనాపరుడు అలవరచుకోవలసిన తొలి క్రమశిక్షణ. అమెరికాలో పత్రాలు లేని విద్యార్థులకు ప్రభుత్వ కళాశాలల్లో స్థానిక ఫీజు వర్తింపజేయాలా వద్దా అన్న వాదం ఈ అలవాటుకు మంచి సాధన. ఎందుకంటే దాదాపు పాతికేళ్లుగా శాసనసభల్లోనూ కోర్టుల్లోనూ ఎన్నికల వేదికల మీదా నలుగుతున్న ఈ వాదంలో న్యాయాన్యాయాల చర్చ ఎంత ఉందో, మాటల గందరగోళమూ అంతే ఉంది. తెలుగువారికి ఇది దూరపు వ్యవహారంగా కనిపించవచ్చు గాని, గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ల తరబడి నిలబడిన కుటుంబాల పిల్లలు ఈ వాదానికి అంచున ఉన్నారు, ఇరవై ఒకటో పుట్టినరోజు దాటితే దాని నడిమధ్యకే చేరే ప్రమాదమూ ఉంది. కాబట్టి ఈ అధ్యాయం రెండు పనులు పెట్టుకుంది: వాదాన్ని ముక్కలుగా విడదీసి చదవడం ఎలాగో చూపడం, ఆ చదివినదాన్ని ఒక కుటుంబం తన లెక్కల్లోకి ఎలా తెచ్చుకోవాలో చెప్పడం.

విడదీయవలసినవి మూడు. మనిషి ఒకచోట ఉంటున్నాడా అన్నది మొదటి ప్రశ్న. ఆ చోటును అతని శాశ్వత నివాసంగా చట్టం ఒప్పుకుంటుందా అన్నది రెండోది. ఆ దేశంలో ఉండడానికి అతనికి వలస చట్టం ఇచ్చిన హోదా ఏమిటన్నది మూడోది. పదిహేనేళ్లుగా ఒకే వీధిలో ఉంటున్నవాడికి హోదా లేకపోవచ్చు, హోదా చక్కగా ఉన్న విద్యార్థిని చట్టం నివాసిగా ఒప్పుకోకపోవచ్చు, రెండూ ఉన్నవాడు నిన్ననే పక్క రాష్ట్రానికి మారి ఉండవచ్చు. ఈ మూడింటినీ ఒకే మాటగా వాడేవారు వాదంలో తడబడతారు, కాలేజీ దరఖాస్తులో అయితే డబ్బు పోగొట్టుకుంటారు.

ఫీజు రెండు రకాలు ఎందుకైంది

అమెరికాలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలను నడిపేవి రాష్ట్రాలు; రాష్ట్ర ఖజానా సొమ్ముతో నడిచే సంస్థలు గనుక అవి ఆ రాష్ట్రంలో స్థిరపడిన కుటుంబాల పిల్లల దగ్గర తక్కువ ఫీజు, ఇతర రాష్ట్రాల నుంచీ ఇతర దేశాల నుంచీ వచ్చినవారి దగ్గర ఎక్కువ ఫీజు వసూలు చేస్తాయి. మొదటిదాన్ని అక్కడి తెలుగువారు ఇన్‌స్టేట్ ఫీజు అంటారు. ఈ అధ్యాయంలో దానికే స్థానిక ఫీజు అని పేరు. తేడా చిన్నది కాదు: కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2024-25లో స్థానిక విద్యార్థి కట్టే ఫీజు ఏడాదికి సుమారు 14 వేల డాలర్లయితే, బయటివారి మీద దానికి అదనంగా మరో 34 వేల డాలర్లకు పైగా పడింది, అంటే నాలుగేళ్ల డిగ్రీలో తేడా ఒక్కటే 1 లక్షా 30 వేల డాలర్లను దాటుతుంది. ఇంత తేడా ఉన్నచోట స్థానికుడు అన్న మాట నిర్వచనం కోసం మనుషులు కోర్టుకెక్కడంలో వింత లేదు.

తెలుగు పాఠకుడికి ఈ నిర్వచనపు గొడవ కొత్త కాదు. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు విద్యాసంస్థల్లో 85 శాతం సీట్లను స్థానిక అభ్యర్థులకు కేటాయించినప్పుడు, స్థానికుడెవరో తేల్చడానికి సొంత ఊరినో తాతల ఆస్తినో కొలబద్దగా తీసుకోలేదు. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు ఎక్కడ చదివితే అక్కడి స్థానికుడని చెప్పింది, బడికే వెళ్లనివారి విషయంలో మాత్రం అదే కాలపు నివాసాన్ని లెక్కలోకి తీసుకుంది. తెలంగాణలో పుట్టి పెరిగి ఇంటర్మీడియట్‌కు రాష్ట్రం బయటికి వెళ్లిన పిల్లలు వైద్య విద్యలో స్థానికత కోల్పోవడం మీద నడిచిన వ్యాజ్యంలో, నాలుగేళ్ల చదువు నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. ఇక్కడి వివాదం పౌరుల మధ్యది, అమెరికాలోది పౌరసత్వమూ హోదా రెండూ లేనివారిది కాబట్టి రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. అయినా ఒక పోలిక మాత్రం గట్టిది. స్థానికతను ఇంటి చిరునామాతో కొలవాలా, బడి రిజిస్టరుతో కొలవాలా అన్న ప్రశ్న రెండుచోట్లా కీలకమైంది, అమెరికాలో అయితే ఏకంగా చట్టాల బతుకును నిర్ణయించింది.

పత్రాలు లేనివారంటే సరిహద్దు దాటి అనుమతి లేకుండా వచ్చినవారే అనుకోవడం వాడుకలోని పొరపాటు. వీసాతో సక్రమంగా దిగి, గడువు దాటాక ఉండిపోయినవారూ, వీసా షరతులు తప్పి హోదా పోగొట్టుకున్నవారూ ఆ మాట కిందికే వస్తారు, భారతీయుల్లో ఇలా వీసాతో వచ్చి హోదా పోగొట్టుకున్నవారు చాలామంది. మిచిగాన్‌లో ప్రభుత్వ అధికారులే ఎరగా నడిపిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయంలో పేర్లు నమోదు చేసుకున్న విద్యార్థులు, వారిలో తెలుగువారు చెప్పుకోదగ్గ సంఖ్యలో, 2019లో అరెస్టుల పాలైనప్పుడు, హోదా అనేది ఒక కాగితం చెల్లనిదైతే ఎంత తేలిగ్గా జారిపోతుందో తెలుగు నాట ఇంటింటికీ తెలిసివచ్చింది. అయితే స్థానిక ఫీజు వాదంలో కేంద్రస్థానం అటువంటి పెద్దవారిది కాదు, తల్లిదండ్రుల చేయి పట్టుకుని చిన్నతనంలో వచ్చి, అమెరికా బడుల్లోనే అక్షరాలు దిద్ది, పన్నెండో తరగతి దాటేసరికి గేటు దగ్గర ఆగిపోయిన పిల్లలది.

బడి వరకు ఒక న్యాయం

టెక్సస్ 1975లో ఒక చట్టం చేసి, సక్రమంగా ప్రవేశం పొందని పిల్లల చదువుకు రాష్ట్ర నిధులు ఇవ్వనన్నది. ఆ చట్టం ఆధారంగా టైలర్ పట్టణపు పాఠశాలల యంత్రాంగం అలాంటి పిల్లల నుంచి తలకు ఏడాదికి 1,000 డాలర్ల ఫీజు కోరింది. ప్లైలర్ వర్సెస్ డో పేరుతో సుప్రీంకోర్టుకు చేరిన ఆ కేసులో 1982 జూన్ 15న అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరోవైపు నిలిచి ఆ చట్టాన్ని కొట్టేశారు. సమాన రక్షణ హామీ పౌరులకే పరిమితం కాదనీ, రాష్ట్రపు అధికార పరిధిలో ఉన్న ప్రతి వ్యక్తికీ వర్తిస్తుందనీ, తల్లిదండ్రుల నడవడిని మార్చే శక్తి లేని పిల్లలను ఆ నడవడికే శిక్షించడం తగదనీ మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ బ్రెనన్ తర్కించారు. మైనారిటీ పక్షాన ప్రధాన న్యాయమూర్తి బర్గర్, పిల్లలను చదువుకు దూరం చేయడం విధానంగా తెలివితక్కువదని ఒప్పుకుంటూనే, తెలివితక్కువ విధానాలన్నిటినీ సరిదిద్దడం కోర్టు పని కాదన్నారు. ఒక విధానం మంచిదా చెడ్డదా అన్నదీ, దాన్ని మార్చే అధికారం ఎవరిదన్నదీ వేరువేరు ప్రశ్నలని గుర్తించినందుకు, ఆ తీర్పుతో ఏకీభవించేవారు కూడా బర్గర్ వాదనను ఒకసారి చదవడం మంచిది.

ప్లైలర్ తీర్పు పన్నెండో తరగతితో ఆగిపోయింది. కళాశాల చదువు గురించి అది ఏమీ చెప్పలేదు, దాని ఫలితంగా ఒక రాష్ట్రం పన్నెండేళ్లపాటు తన ఖర్చుతో చదివించిన విద్యార్థిని పదమూడో ఏట పరాయివాడిగా చూసే పరిస్థితి ఏర్పడింది.

ఒక్క మాట చుట్టూ తిరిగిన చట్టాలు

అమెరికా కాంగ్రెస్ 1996లో కొద్ది వారాల తేడాతో రెండు చట్టాలు చేసింది. సంక్షేమ పథకాల సంస్కరణ కోసం ఆగస్టులో వచ్చిన మొదటిది, హోదా లేనివారికి రాష్ట్రాలు ప్రయోజనాలు ఇవ్వదలిస్తే ఆ తేదీ తర్వాత అందుకోసం ప్రత్యేకంగా శాసనం చేసుకోవాలన్నది. అంటే తలుపు మూయకుండా గొళ్లెం రాష్ట్రం చేతికి ఇచ్చింది. వలస చట్టాన్ని కఠినతరం చేస్తూ సెప్టెంబరులో వచ్చిన రెండోదానిలో 505వ సెక్షన్ ఇంకో మెలిక పెట్టింది: రాష్ట్రంలో నివాసం ఉన్నాడన్న ఆధారంతో హోదా లేని వ్యక్తికి ఉన్నత విద్యా ప్రయోజనం ఇచ్చేటట్లయితే, అదే ప్రయోజనం నివాసంతో నిమిత్తం లేకుండా అమెరికా పౌరులందరికీ అందుబాటులో ఉండాలి. పైపైన చదివితే ఇది నిషేధంలా కనిపిస్తుంది, బిల్లుకు ఓటు వేసినవారిలో కొందరి ఉద్దేశమూ అదే అయివుండవచ్చు. కాని చట్టంలో ఉద్దేశం కన్నా వాక్యానికే బరువెక్కువ, ఆ వాక్యం మొత్తం నివాసం అన్న ఒక్క మాట మీద నిలబడి ఉంది.

రాష్ట్రాలు ఆ మాటను పట్టుకున్నాయి. టెక్సస్ 2001లో దేశంలోనే తొలిసారిగా ఇటువంటి విద్యార్థులకు స్థానిక ఫీజు ఇచ్చే చట్టం చేసింది, దాని మీద సంతకం చేసిన గవర్నర్ రిక్ పెర్రీ రిపబ్లికన్. అదే ఏడాది కాలిఫోర్నియా ఎబి 540 పేరుతో తన చట్టం తెచ్చింది. ఈ రెంటికీ కూర్పులో ఒక తేడా ఉంది, ఆ తేడా ఎంత విలువైనదో తర్వాతి ఏళ్లలో బయటపడింది. టెక్సస్ చట్టం హైస్కూలు ముగిసేవరకు మూడేళ్లు రాష్ట్రంలో నివసించడాన్ని ప్రధాన షరతుగా పెట్టుకుని, అలా నివసించినవారిని స్థానికులుగా వర్గీకరించింది. కాలిఫోర్నియా చట్టం నివాసం జోలికి పోకుండా, రాష్ట్రంలోని హైస్కూల్లో మూడేళ్లు చదివి పట్టా పొంది, తాత్కాలిక వీసా మీద లేని ఎవరినైనా బయటివారి ఫీజు నుంచి మినహాయించింది. కాలిఫోర్నియాలో హైస్కూలు చదివి ఆ తర్వాత కుటుంబంతో నెవాడాకో ఆరిజోనాకో మారిపోయిన అమెరికా పౌరుడికీ ఆ మినహాయింపు వర్తిస్తుంది గనుక, ఇది నివాసం ఆధారంగా ఇచ్చిన ప్రయోజనం కాదని ఆ రాష్ట్రం వాదించగలిగింది.

బయటి రాష్ట్రాల నుంచి వచ్చి పూర్తి ఫీజు కట్టిన పౌర విద్యార్థులు ఎబి 540ని సవాలు చేసినప్పుడు దిగువ అప్పీలు కోర్టు 2008లో వారి వైపు మొగ్గినా, మార్టినెజ్ కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2010 నవంబరులో ఏకగ్రీవంగా చట్టాన్ని నిలబెట్టింది. ఆ తర్కం పిల్లిమొగ్గ అని విమర్శించినవారు లేకపోలేదు, ఎందుకంటే ఒక రాష్ట్రపు హైస్కూల్లో మూడేళ్లు చదివేవాడు సాధారణంగా ఆ రాష్ట్రంలోనే ఉంటాడు. అయినా విశ్వవిద్యాలయంలో ఆ మినహాయింపు పొందినవారిలో పౌరులూ సక్రమ హోదా ఉన్నవారూ పెద్ద సంఖ్యలో ఉండడం వల్ల ఆ తేడా కాగితానికే పరిమితం కాదని తేలింది. మరుసటి ఏడాది అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును పునఃపరిశీలించడానికి నిరాకరించింది.

టెక్సస్ కథ వేరేగా ముగిసింది. కేంద్ర న్యాయశాఖ 2025 జూన్ 4న ఆ చట్టం మీద దావా వేసింది, రాష్ట్ర అటార్నీ జనరల్ ఎదురు వాదించకుండా అంగీకారం తెలిపారు, సక్రమంగా ఉనికి లేనివారికి ఆ చట్టాన్ని వర్తింపజేయకుండా అదే రోజు ఫెడరల్ కోర్టు శాశ్వత నిషేధం విధించింది. ఇరవై నాలుగేళ్లు బతికిన చట్టం దావా పడిన రోజునే, వాదోపవాదాలు లేకుండా పడిపోయిందంటే, దాన్ని కేవలం న్యాయశాస్త్ర ఫలితంగా చదవడం అమాయకత్వమే అవుతుంది. రెండు వైపులవారూ ఒకే మాట మీద ఉన్నప్పుడు కోర్టు ముందు వ్యాజ్యం అసలు ఉన్నట్టా అన్న ప్రశ్న న్యాయవాదుల మధ్య ఇప్పటికీ ఉంది. ఏమైనా నివాసం అన్న మాటను చట్టంలోనే రాసుకున్న రాష్ట్రానికి ఎదురు వాదించడానికి సాకు తక్కువన్నది నిజం. అదే ఏడాది కెంటకీ, మిన్నెసోటా, ఓక్లహోమా, ఇల్లినాయి, కాలిఫోర్నియాల మీదా కేంద్రం దావాలు వేసింది. వాటిలో ఓక్లహోమా టెక్సస్ దారినే నడిచింది.

రాజకీయ వాతావరణం ఏ వైపుకు తిరుగుతుందో ఊహించి పిల్లల చదువు ప్రణాళిక వేసుకునేవారు కొన్ని రాష్ట్రాల చరిత్రను దృష్టిలో పెట్టుకోవాలి. విస్కాన్సిన్ 2009లో ఇచ్చిన సౌకర్యాన్ని 2011లో వెనక్కి తీసుకుంది. ఆరిజోనా ఓటర్లు 2006లో 300వ ప్రతిపాదనతో ఆ ఫీజును నిషేధించి, 2022లో 308వ ప్రతిపాదనతో స్వల్ప ఆధిక్యంతో తిరిగి అనుమతించారు. ఫ్లోరిడా 2014లో చేసిన చట్టాన్ని 2025లో రద్దు చేసినప్పుడు, తొలి బిల్లును సభలో ప్రవేశపెట్టిన నాయకురాలే దాని కాలం చెల్లిందన్నారు. జార్జియాలో ఉన్నత విద్యా పాలకమండలి 2010లో చేసిన నియమం ఫీజు దగ్గర ఆగకుండా, పోటీ ఎక్కువగా ఉన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశాన్నే నిరాకరించింది. మరుసటి ఏడాది ఏథెన్స్ పట్టణంలో కొందరు ఆచార్యులు ఆ విద్యార్థులకు ఉచితంగా పాఠాలు చెప్పడానికి ఫ్రీడమ్ యూనివర్సిటీ అనే సంస్థను మొదలుపెట్టారు.

వాదాన్ని తూచడం

ఎదుటి పక్షంలోని అతి బలహీనమైన మాటను పట్టుకుని గెలిచాననుకోవడం వాదనలో అందరికీ ఉండే దౌర్బల్యం. దానికి విరుగుడు, రెండు పక్షాల్లోనూ అత్యంత బలమైన మాటను ఎంచి పక్కపక్కన పెట్టి చూడడం.

వ్యతిరేకుల వాదనల్లో బలహీనమైనది ఉచిత చదువు అన్న మాట. స్థానిక ఫీజు ఉచితం కాదు, ఆ విద్యార్థి పక్కింటి పిల్లవాడు కట్టినంత కడతాడు, పైగా కేంద్రప్రభుత్వ విద్యార్థి సహాయానికి అర్హత లేదు గనుక తరచు అంతకన్నా ఎక్కువే జేబులోంచి తీస్తాడు. ఈ కుటుంబాలు పన్ను కట్టవన్నదీ అలాంటిదే, ఎందుకంటే కొనుగోళ్ల మీద అమ్మకం పన్ను అందరి దగ్గరా వసూలవుతుంది, ఇంటి పన్ను అద్దెలో కలిసే వస్తుంది. బలమైన వాదన వేరే ఉంది. పక్క రాష్ట్రంలో పుట్టిన పౌరుడు, అందునా పేదవాడు, మూడు రెట్లు ఫీజు కడుతుండగా, దేశంలో ఉండడానికే అనుమతి లేని వ్యక్తికి తక్కువ ఫీజు ఎలా న్యాయమన్న ప్రశ్నను ఎగతాళి చేసి తప్పించుకోలేరు. మార్టినెజ్ కేసు వేసిన విద్యార్థులు అడిగిందీ అదే. సీట్లు పరిమితంగా ఉన్న పేరున్న క్యాంపస్‌లో ఒకరికి ఇచ్చిన చోటు ఇంకొకరికి లేని చోటు అన్న లెక్క కూడా కొట్టిపారేయదగ్గది కాదు, అయితే ఇది సీట్లు మిగిలిపోయే కమ్యూనిటీ కాలేజీలకు వర్తించదు.

అనుకూలుర వాదనల్లో వినడానికి ఇంపైనది పిల్లల ప్రతిభ గురించిన పొగడ్త. కాని అది వాదనగా బలహీనం, ఎందుకంటే న్యాయం మార్కుల మీద ఆధారపడితే సామాన్య విద్యార్థికి ఆ న్యాయం దక్కకూడదని ఒప్పుకున్నట్టవుతుంది. బలమైనవి రెండున్నాయి. తప్పు చేసే వయసు రాకముందు జరిగిన ప్రయాణానికి పిల్లవాణ్ణి బాధ్యుణ్ణి చేయకూడదన్న ప్లైలర్ తర్కం పద్దెనిమిదో ఏట ఒక్కసారిగా అబద్ధమైపోదు. రాష్ట్రం పన్నెండేళ్లు పెట్టుబడి పెట్టి, ఫలితం రాబోయే సమయంలో చేను వదిలేయడం వ్యవసాయం తెలిసినవాడు చేసే పని కాదన్నది రెండోది, 2001 నాటి టెక్సస్‌లో రిపబ్లికన్లను కూడా ఒప్పించింది ఇదే. పెర్రీ 2011లో అధ్యక్ష అభ్యర్థిత్వపు చర్చావేదిక మీద తన చట్టాన్ని సమర్థించుకుంటూ, దాన్ని వ్యతిరేకించేవారికి హృదయం లేదన్న అర్థం వచ్చేలా మాట్లాడి, ఆ తర్వాత మాట తూలానని సర్దుకోవలసి వచ్చింది. పెట్టుబడి లెక్కను వదిలి హృదయం మాట ఎత్తడంతో తన వాదనలోని బలమైన సగాన్ని ఆయనే కింద పడేసుకున్నారు.

ఇరుపక్షాలూ తగినంతగా మాట్లాడని విషయం ఒకటి మిగిలింది. 1986 వలస చట్టం పని చేయడానికి అనుమతి లేనివారిని తెలిసి ఉద్యోగంలో పెట్టుకోవడాన్ని చట్టవిరుద్ధం చేసింది, కాబట్టి తక్కువ ఫీజుతో ఇంజనీరింగో నర్సింగో పూర్తిచేసిన పత్రాలు లేని విద్యార్థి పట్టా చేతపట్టుకుని ఆగిపోతాడు. డాకా అనే ఏర్పాటు ఈ చిక్కును కొంతవరకు సడలించింది. చిన్నతనంలో వచ్చినవారిని కొంతకాలంపాటు దేశం నుంచి పంపించకుండా, పని చేయడానికి అనుమతి ఇచ్చే ఈ ఏర్పాటును ఒబామా ప్రభుత్వం ప్లైలర్ తీర్పుకు సరిగ్గా ముప్పై ఏళ్లయిన 2012 జూన్ 15న ప్రకటించింది. అయితే 2007 జూన్ 15 నుంచి అమెరికాలోనే ఉండి తీరాలన్న నిబంధన వల్ల, ఈరోజు హైస్కూలు ముగిస్తున్నవారిలో అత్యధికులకు దాని కింద చోటు లేదు. ఫీజు వాదం రాష్ట్రాలది, ఉద్యోగపు అనుమతి కేంద్రానిది. మొదటిదాన్ని ఎంత చక్కగా పరిష్కరించినా రెండోది కదలకపోతే సగం పనే జరుగుతుంది.

కుటుంబం చేసుకోవలసిన లెక్క

అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో ఎక్కువమంది పిల్లలు హెచ్-4 హోదాలో, అంటే హెచ్-1బి మీద పనిచేసే తల్లి లేదా తండ్రి ఆశ్రితులుగా ఉంటారు. వీరు సక్రమంగా ఉన్నవారే గనుక పైన చెప్పిన నిషేధాలు వీరిని తాకవు. దేశంలో స్థిరపడే ఉద్దేశం పెట్టుకోవడాన్ని హెచ్-1బి, హెచ్-4 వీసాలు అడ్డుకోవు కాబట్టి చాలా రాష్ట్రాలు హెచ్-4 పిల్లలకు స్థానిక ఫీజు ఇస్తాయి. స్వదేశంలో నివాసం వదులుకోనని చెప్పి తీసుకునే ఎఫ్-1 విద్యార్థి వీసాదారులకు సాధారణంగా ఇవ్వవు. ఈ విభజనకు మూలం ప్లైలర్ తర్వాత పదమూడు రోజులకే వచ్చిన టోల్ వర్సెస్ మొరెనో తీర్పు: ప్రపంచ బ్యాంకు వంటి అంతర్జాతీయ సంస్థల ఉద్యోగుల పిల్లలకు స్థానిక ఫీజు నిరాకరించిన మేరీలాండ్ నియమం అందులో ఓడిపోయింది.

చిక్కు వచ్చేది ఇరవై ఒకటో పుట్టినరోజున. ఆ రోజుతో ఆశ్రిత హోదా ముగుస్తుంది, దీన్నే కుటుంబాలు ఏజ్ అవుట్ అంటాయి. పిల్లవాడు ఎఫ్-1కి మారితే, డిగ్రీ మూడో ఏటి దాకా స్థానికుడైనవాడు నాలుగో ఏట విదేశీ విద్యార్థి ఫీజు కట్టవలసి రావచ్చు. ఏ హోదాకూ మారకుండా ఉండిపోతే ఈ అధ్యాయం మొదట్లో చెప్పుకున్న పత్రాలు లేనివారి జాబితాలో చేరతాడు, పైగా 2012 జూన్ 15 నాటికి సక్రమ హోదాలో ఉన్నవాడైతే డాకాకు కూడా పనికిరాడు. నియమాలన్నీ పాటించిన కుటుంబానికి ఆ ఏర్పాటులో చోటు లేకపోవడం ఈ వ్యవస్థలోని వింతల్లో ఒకటి. గ్రీన్‌కార్డు దరఖాస్తులో కొన్ని రోజుల జాప్యాన్ని వయసులోంచి తీసివేసి లెక్కగట్టడానికి 2002 నాటి బాలల హోదా రక్షణ చట్టం వీలు కల్పిస్తుంది, కాని భారతీయుల క్యూ పొడవు ముందు ఆ తీసివేత చాలామందికి సరిపోదు. అందువల్ల పిల్లవాడు తొమ్మిదో తరగతిలో ఉండగానే తల్లిదండ్రులు అతని పుట్టినరోజునూ, తమ దరఖాస్తు ప్రాధాన్య తేదీనీ, చదవదలచిన కోర్సు ముగిసే నెలనూ ఒకే కాగితం మీద రాసుకుని చూడడం మంచిది. ఇరవై ఒకటో ఏడు డిగ్రీ మధ్యలో పడుతున్నదని ముందే తెలిస్తే, హైస్కూల్లోనే కాలేజీ కోర్సులు పూర్తిచేసి డిగ్రీని కుదించుకోవడమో, చదువు ఆధారంగా ఇచ్చే మినహాయింపును వీసాదారులకూ వర్తింపజేసే రాష్ట్రం ఉంటే దాన్ని ఎంచుకోవడమో చేతిలో ఉంటుంది.

ఇక్కడే నివాసానికీ చదువుకూ మధ్య తేడా పుస్తకాల్లోంచి ఇంట్లోకి వస్తుంది. తాము ఉంటున్న రాష్ట్రపు నియమం దేనిని కొలుస్తున్నదో తెలుసుకున్నాక, దానికి తగ్గ కాగితాలు దాచుకోవాలి: నివాసం కొలిచేచోట అద్దె ఒప్పందాలు, పన్ను రిటర్నులు, డ్రైవింగ్ లైసెన్సు తేదీలు, చదువు కొలిచేచోట ప్రతి విద్యా సంవత్సరపు మార్కుల పత్రం, హాజరు, పట్టా. ఉద్యోగం మారి రాష్ట్రం మారవలసి వచ్చినప్పుడు, జీతం పెంపుతో పాటు, పదకొండో తరగతి పిల్లవాడి మూడేళ్ల లెక్క తెగిపోతుందా అన్నది కూడా బేరీజు వేసుకోవాలి. స్థానిక ఫీజు వచ్చిందంటే ఆర్థిక సహాయమూ వస్తుందనుకోకూడదు. హెచ్-4 పిల్లలకు గాని పత్రాలు లేనివారికి గాని కేంద్రప్రభుత్వ గ్రాంటులూ రుణాలూ అందవు, కాలిఫోర్నియా, వాషింగ్టన్ వంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం తమ సొంత నిధుల కోసం వేరే దరఖాస్తు పెట్టాయి. ఫీజు భారమైనవారికి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి విశ్వవిద్యాలయానికి మారే దారి ఉంది; కాలిఫోర్నియాలో స్థానికులకు యూనిట్ ఫీజు 46 డాలర్లు, రెండేళ్ల డిగ్రీకి కావలసిన 60 యూనిట్లకు మొత్తం 2,760 డాలర్లే.

పత్రాలు లేని పిల్లలున్న ఇంట్లో ఇంకొంత జాగ్రత్త అవసరం. ఏ దరఖాస్తులోనూ, ఎంత చిన్న సౌకర్యం కోసమైనా, అమెరికా పౌరుడనని గడిలో టిక్కు పెట్టకూడదు. 505వ సెక్షన్ ఉన్న ఆ 1996 చట్టమే పౌరసత్వం గురించి అబద్ధం చెప్పినవారికి గ్రీన్‌కార్డు దారిని దాదాపు శాశ్వతంగా మూసేసింది. చట్టవిరుద్ధ ఉనికి రోజుల లెక్క పద్దెనిమిదో పుట్టినరోజు నుంచి మొదలవుతుంది, అది 180 రోజులు దాటాక దేశం విడిస్తే మూడేళ్లు, ఏడాది నిండాక విడిస్తే పదేళ్లు తిరిగి రానివ్వరు. తాతమ్మను చూడడానికి వెళ్లివద్దామనే నిర్ణయం కూడా వలస న్యాయవాదిని అడిగిన తర్వాతే తీసుకోవాలి, వాట్సాప్ గ్రూపులో అడిగి కాదు. అటువంటి కుటుంబాలు సాటి తెలుగువారి దగ్గర పరువు కోసం విషయాన్ని దాచడం సహజమే, కాని హైస్కూల్లోని కౌన్సిలర్ దగ్గర కూడా దాచితే ఆ పిల్లవాడికి దక్కవలసిన మినహాయింపు గడువు దాటిపోతుంది.

చివరగా సంతకం చేసే కాగితం. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో హోదా లేని విద్యార్థి, అర్హత కలిగిన వెంటనే తన హోదాను సక్రమం చేసుకోవడానికి దరఖాస్తు పెడతానని ప్రమాణపత్రం ఇవ్వాలి. దాన్ని చదవకుండా సంతకం చేయకూడదు, చదివి భయపడనూ అక్కర్లేదు, ఎందుకంటే అది ఇప్పటికిప్పుడు దరఖాస్తు పెట్టమనడం లేదు. ఆ అర్హత కల్పించడానికి ఉద్దేశించిన డ్రీమ్ బిల్లును సెనేటర్లు డర్బిన్, హాచ్ 2001లోనే ప్రవేశపెట్టారు. 2010లో దిగువ సభ ఒప్పుకున్నా, సెనేట్‌లో 60 ఓట్లు కావలసినచోట 55 దగ్గర ఆగిపోయింది. ఎబి 540 వచ్చిన కొత్తలో పద్దెనిమిదేళ్ల వయసులో ఆ ప్రమాణపత్రం మీద సంతకం పెట్టినవారికి ఇప్పుడు నలభై దాటాయి, వారి పిల్లలు హైస్కూల్లో చదువుతుండవచ్చు.